రెండు నిమిషాల ముప్పై నాలుగు సెకన్లు

హనుమాయమ్మ చేతి గడియారం నెమ్మదిగా నడుస్తోందని హరనాథ్ సార్ సోమవారం తేల్చేశాడు. మంగళవారం పొద్దున ఆమె గ్రేటర్ నోయిడాలో బస్సు దిగి, కాలేజీ గేటు ఎదురుగా ఉన్న కొట్లో దానికి కొత్త బ్యాటరీ వేయించుకుని, ఫోన్లో వేళ చూసి సెకనుతో సహా సరిచేసుకుని పనిలోకి వెళ్లింది. ఆ రోజూ కాలేజీ పట్టికకూ ఆమె గడియారానికీ అదే తేడా వచ్చింది. కాకపోతే ఇంకాస్త పెద్దదై వచ్చింది.

పెద్ద చదువున్నవాళ్లకు లెక్కలో తప్పు కనబడితే, ముందు ఆ గదిలో ఎవరి గడియారం చవకదో చూస్తారు. హనుమాయమ్మది నిజంగానే చవకది. అయితే ఆమె భర్త గోపీకృష్ణ రోజూ పొద్దున రేడియోలో వార్తలకు ముందు వచ్చే పీప్‌లు విని, ఆ గడియారాన్ని సెకనుతో సహా సరిచేసి ఆమె చేతికిస్తాడు. ఆయన ఆర్మీలో సిగ్నల్స్ హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెట్టుకుని ఎడమ చెవి పోయింది. ఇప్పుడు ఘాజియాబాద్‌లో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్ల మీద సూపర్‌వైజరు. ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్సులో ఉన్న రోజుల్లో సాయంత్రం టీ తాగుతూ స్టీలు గ్లాసు మీద చెంచాతో మోర్స్ టెలిగ్రాఫు సంకేతాలు కొట్టేవాడు. పిల్లలకు నేర్పాలని ఆయన కొడితే, వాళ్ల కంటే ముందు పొయ్యి దగ్గరున్న ఈమెకు వచ్చేసింది. దాంతోపాటు ఇంకొక అలవాటూ వచ్చింది. ఏది వినబడినా ముందు వేళ రాయాలి. ఏం వినబడిందో, ఎవరు పంపారో తర్వాత సంగతి.

కాగితం మీద ఆమె ఉద్యోగం ల్యాబ్ అటెండరు. చీరాల దగ్గర ఇంటర్ దాకా చదివింది. తలుపులు తియ్యాలి, బల్లలు తుడవాలి, ఫైళ్లు మొయ్యాలి. కాలేజీ పిల్లలు మూడేళ్ల కిందట పతంగ్ అనే ఒక బుల్లి ఉపగ్రహాన్ని తయారుచేసి పైకి పంపారు. చెప్పుల పెట్టె కంటే పెద్దది కాదు. అది తల మీదుగా పోయేటప్పుడు మాట్లాడటానికి నాలుగో అంతస్తు డాబా మీద యాంటెన్నా పెట్టారు. మొదటి ఆర్నెల్లు దాని చుట్టూ అందరూ ఫొటోలు దిగారు. తర్వాత మే నెల వచ్చింది. మొహాన్ని కాల్చే లూ గాలిలో డాబా ఎక్కి యాంటెన్నా మోటారుకి గ్రీజు పెట్టే పని ఏ డిగ్రీలోనూ లేదు. అలా అది హనుమాయమ్మది అయింది. గ్రీజు తర్వాత వైర్లు, వైర్ల తర్వాత కంప్యూటర్లో పాస్‌వర్డ్ కొట్టి యాంటెన్నాను నడిపే పని. జీతం మాత్రం అటెండరుదే.

ఆమె ఒక నోటు పుస్తకం పెట్టుకుంది. పతంగ్ దక్షిణాన ఆకాశం అంచు మీదికి రాగానే దాని కూత స్పీకర్లో వినబడుతుంది. ఆ మొదటి కూత ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు వినబడిందో రోజూ రాసేది. రాయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చూపించమని కూడా ఎవరూ అడగలేదు.

పతంగ్ ఎప్పుడొస్తుందో చెప్పేది మాత్రం పట్టిక. ప్రతి శుక్రవారం హరనాథ్ సార్ కంప్యూటరు వచ్చే వారం రాకపోకలన్నీ లెక్కగట్టి ఒక కాగితం ఇస్తుంది. డిపార్టుమెంటు హెడ్డుగా ఆయన దాని మీద ఆకుపచ్చ సిరాతో సంతకం పెడతాడు. దాన్ని ల్యాబు తలుపుకి అంటిస్తారు. ఒకసారి ఎవడో కుర్రాడు సరదాకి యాంటెన్నాను తిప్పి కేబులు తెంపాడు. అప్పట్నుంచీ సంతకం ఉన్న పట్టిక ప్రకారం తప్ప దాన్ని అంగుళం కూడా కదపకూడదని నియమం. ఆ నియమం కూడా ఆకుపచ్చ సిరాతోనే ఉంది.

రెండువేల ఇరవై నాలుగు మే పదో తారీఖు శుక్రవారం పొద్దున ఆయన అలాగే సంతకం పెట్టాడు. ఆ రాత్రే సూర్యుడి నుంచి వచ్చిన తుఫాను భూమిని తాకింది.

శనివారం పొద్దున అందరి ఫోన్లలో లడఖ్ ఆకాశం ఎర్రగా ఉంది. ధ్రువాల దగ్గర కనబడే వెలుగులు అంత కిందికి దిగాయని జనం ఒకరికొకరు పంపుకుంటున్నారు. పతంగ్ వచ్చే వేళకు జెనీఫర్ మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి ల్యాబుకి వచ్చింది. ఆ పిల్లది ఫైనలియర్. తల్లి నరసాపురం నుంచి నర్సుగా వచ్చి ఢిల్లీ ఆస్పత్రిలో స్థిరపడింది. పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే సగం హిందీ. పతంగ్‌లో అగ్గిపెట్టె అంత పరికరం ఒకటుంది. మూడువందల కిలోమీటర్ల పైన గాలి ఎటు వీస్తోందో, ఎంత జోరుగా వీస్తోందో అది కొలుస్తుంది. సీనియర్లు మొదలుపెట్టి వదిలేసిన దాన్ని పనిచేయించింది జెనీఫరే.

అంత ఎత్తున గాలేమిటని హనుమాయమ్మ అప్పుడే అడిగింది. ఉంది కానీ చాలా పల్చన అని ఆ పిల్ల చెప్పింది. ధ్రువాల దగ్గర ఆ వెలుగులు ఊరికే మెరవవు. వాటితోపాటు పైగాలిలోకి బోలెడంత కరెంటు దిగుతుంది. కరెంటు పట్టిన కణాలు అక్కడ కొన్నే ఉంటాయి, కానీ ఒకే దిక్కుకి ఉరుకుతాయి. మామూలు గాలిని గుద్దుకుంటూ, తోసుకుంటూ పోతాయి.

"రాజీవ్ చౌక్ మెట్రో ప్లాట్‌ఫాం చూశారు కదా ఆంటీ. పదిమంది పరిగెడితే చాలు, మిగతా సబ్ కూడా కదలాల్సిందే. ఇదీ అంతే, వైసా హీ."

అలా కదిలిన గాలి సెకనుకు వందల మీటర్ల వేగం అందుకుంటుంది. పైగా ఆ కరెంటు పొయ్యిలా కాగబెడుతుంది కాబట్టి, కాగిన గాలి ఎసరు పొంగినట్టు పైకి పొంగి, రెండు ధ్రువాల నుంచీ భూమి నడుముకేసి ప్రవహిస్తుంది. ధ్రువం దగ్గర వెలుగు పుట్టిన కొద్ది గంటలకే దాని తోపు మన నెత్తి మీదికి వస్తుంది. అది వచ్చినప్పుడు దాని దారిలోనే పతంగ్ ఉంది. అగ్గిపెట్టె మొత్తం కొలిచి దాచుకుని ఉంటుంది. మన దేశం మీద ఇలాంటి తుఫాను గాలిని ఒక కాలేజీ పెట్టె దాని మధ్యలోంచి ఈదుతూ కొలవడం ఎంత పెద్ద సంగతో చెబుతుంటే జెనీఫర్ కూర్చోకుండా గదంతా తిరిగింది.

ఆ కంగారుకి కారణం ఇంకొకటుంది. పతంగ్ జ్ఞాపకంలో ఐదు రోజుల కొలతలే పడతాయి. ఆరో రోజు కొత్తది పాతదాని మీద రాసుకుంటుంది. బ్యాటరీ ముసలిదైపోయింది కాబట్టి ఎండలో ఉన్నప్పుడు తప్ప మాట్లాడదు. పొద్దుటి రాకలన్నీ ఆకాశం అంచునే. చుట్టూ లేచిన ముప్పై అంతస్తుల టవర్లు అడ్డమొచ్చి రెండు మూడు నిమిషాలకు మించి దొరకవు. దాచుకున్నదంతా కిందికి దించాలంటే ఐదు నిమిషాలు తెగకుండా కావాలి. నడినెత్తి మీదుగా వచ్చేది ఆ వారానికి ఒక్కటే, బుధవారం పది గంటల యాభై రెండు నిమిషాల పది సెకన్లకు. అది తప్పితే ఆ రాత్రి గడిచేసరికి తుఫాను చెరిగిపోతుంది.

శనివారం పతంగ్ పట్టిక కంటే ఐదు సెకన్లు ముందు కూసింది. హనుమాయమ్మ రాసుకుంది. సోమవారం యాభై ఎనిమిది సెకన్లు ముందు. మూడేళ్లలో ఎప్పుడూ రెండు మూడు సెకన్లకు మించి తేడా రాలేదు. సార్‌కి చెబితే ఆయన ఆమె మణికట్టు వంక చూసి బ్యాటరీ మార్పించుకోమన్నాడు. మంగళవారం కొత్త బ్యాటరీతో చూస్తే ఒక నిమిషం నలభై ఆరు సెకన్లు ముందు.

మంగళవారం మధ్యాహ్నం ఆ నోటు పుస్తకం జెనీఫర్ ముందు తెరిచింది. ఆ పిల్ల ఆ మూడు అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివి, కారణం చెప్పింది. గాలి పొంగితే అంత ఎత్తునా చిక్కబడుతుంది. చిక్కటి గాలిలో పడిన పెట్టె కిందికి జారుతుంది. కిందికి జారింది తొందరగా చుట్టి వస్తుంది. పట్టిక తుఫానుకి ముందటిది. గాలిని కొలవడానికి పంపిన పెట్టెని ఆ గాలే పట్టి దింపేసింది, అందుకే ముందొస్తోంది. బయటి నుంచి కొత్త లెక్కలు దొరుకుతాయేమోనని ఆ పిల్ల నెట్లో వెతికింది. పతంగ్‌కి సంబంధించి శుక్రవారం తర్వాతి లెక్క ఏదీ ఇంకా రాలేదు.

"కల్ కిత్‌నా ఉంటుంది ఆంటీ?"

"నిన్నటికీ ఇవాళ్టికీ నలభై ఎనిమిది పెరిగింది. రేపూ అంతే పెరిగితే రెండు నిమిషాల ముప్పై నాలుగు."

"అంతే పెరుగుతుందని ఎలా?"

తెలియదంది హనుమాయమ్మ. రెండు అంకెల మధ్య గీసిన గీతను పట్టుకుని మూడోది చెప్పడమే అది. పది సెకన్లు అటూ ఇటూ అయితే నడినెత్తిన పతంగ్ జారిపోతుంది. అక్కడ అది ఉరికే వేగానికి యాంటెన్నా వెనకబడితే ఇక అందుకోలేదు.

ఇద్దరూ కలిసి సార్ గదికి వెళ్లారు. హరనాథ్ సార్‌ది విజయవాడ. హనుమాయమ్మతో టీ గురించీ తాళాల గురించీ తెలుగులో మాట్లాడతాడు. ముఖ్యమైన విషయం వస్తే ఇంగ్లీషులోకి వెళ్లిపోతాడు, ఆమె అక్కడ లేనట్టు. ఆయన బల్ల నిండా ఫైళ్లు. బుధవారమే తనిఖీ కమిటీ వస్తోంది. కాలేజీ గ్రేడు వాళ్ల చేతిలో ఉంది. పది యాభై రెండుకి వాళ్లని ల్యాబుకి తీసుకొచ్చి, సంతకం చేసిన పట్టిక ప్రకారం సెకను తప్పకుండా యాంటెన్నా లేవడం చూపించాలని ఆయన ఎప్పుడో నిర్ణయించుకున్నాడు. జెనీఫర్ తుఫాను గురించి చెబుతుంటే, అది తనకు తెలియదా అన్నట్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎంత తేడా వస్తుందో లెక్కగట్టాలంటే నమూనా కావాలి, ఒక అటెండరు చేతి గడియారం కాదన్నాడు. అది ఇంగ్లీషులో. తర్వాత తెలుగులోకి వచ్చాడు.

"హనుమాయమ్మా, నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకే కదా రెన్యువలు? రేపు పట్టిక ప్రకారం స్విచ్ వెయ్యి. చాలు."

ఆమె సరే సార్ అంది. మెట్లు దిగుతుంటే జెనీఫర్ ఏడుపు ఆపుకుంటూ, ఇక పోయినట్టే కదా అంది. హనుమాయమ్మ నోటు పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో గోపీకృష్ణ కుడి చెవి ఆమె వైపు తిప్పి అంతా విన్నాడు. ఆమె కాంట్రాక్టు మీద చిన్నవాడి కాలేజీ నడుస్తోంది. పట్టిక తప్పని చెప్పేది ఎవరని అడిగాడు. నా పుస్తకం అంది. పట్టిక రాసినవాడు ఆ కూత విన్నాడా అని అడిగాడు. లేదంది.

"విన్నవాళ్లు రాసిందే వేళ," అన్నాడాయన. అన్నం కలుపుకుంటూ ఇంకొక మాట కూడా అన్నాడు. "ఉద్యోగం పోతే నన్ననకు."

బుధవారం పది నలభైకి ల్యాబులో వాళ్లిద్దరే ఉన్నారు. యాంటెన్నాను చేత్తో తిప్పడానికి లేదు. ప్రోగ్రాము దాన్ని కంప్యూటర్లోని గడియారాన్ని చూసుకుంటూ తిప్పుతుంది. హనుమాయమ్మ ముందు గోడలోంచి నెట్ వైరు పీకేసింది, లేకపోతే ఆ గడియారం తనను తానే సరిచేసుకుంటుంది. తర్వాత పాస్‌వర్డ్ కొట్టి, దాన్ని రెండు నిమిషాల ముప్పై నాలుగు సెకన్లు ముందుకి జరిపింది. అంతే చేసింది. పట్టిక తలుపు మీద అలాగే ఉంది, ఒక్క అక్షరం మారలేదు.

జెనీఫర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆంటీ, ఆప్ తో పాగల్ హో."

"నీ లాప్‌టాప్ చూసుకో."

పది నలభై ఏడుకి డాబా మీద మోటారు మూలిగింది. యాంటెన్నా దక్షిణానికి తిరిగి, రెండు టవర్ల మధ్య సందులోకి చూస్తూ ఆగింది. స్పీకర్లో ఇసక జల్లిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

పది నలభై తొమ్మిదికి తలుపు తెరుచుకుంది. మూడు నిమిషాలు ముందే వచ్చేశారు. ముందు హరనాథ్ సార్, వెనక కమిటీవాళ్లు ముగ్గురు. వాళ్లలో ఒకావిడ జుట్టు తెల్లగా ఉంది, చేతిలో పెన్ను సిద్ధంగా ఉంది. సార్ నవ్వుతూ యాంటెన్నా గురించి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. రెండో వాక్యంలో ఆయన చూపు తెర మీద పడింది. తెర మీద పది యాభై ఒకటి దాటింది. గోడ గడియారం పది నలభై తొమ్మిదే అంటోంది.

ఆయన నవ్వు చెరగనివ్వకుండానే ఆమె పక్కకు వంగాడు. గొంతు తగ్గించి తెలుగులో అడిగాడు. అది కమిటీకి అర్థంకాని భాష.

"ఎవరు మార్చారిది?"

"నేనే సార్."

"వెనక్కి పెట్టు."

"అర నిమిషం ఆగండి సార్. రాకపోతే నేనే పెడతాను."

ఆయన ఆగలేదు. ఆమె చేతి కింద నుంచి మౌసు లాక్కుని గడియారం మార్చే సెట్టింగు తెరిచాడు. తెర మధ్యలో తెల్లటి పెట్టె ఒకటి వచ్చి పాస్‌వర్డ్ అడిగింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. మూడేళ్లుగా ఆ పాస్‌వర్డ్ కొట్టేది ఆమే. కొట్టమని మొదట చెప్పింది ఆయనే, తనకెందుకులే అని.

"పాస్‌వర్డ్ ఏంటి?"

హనుమాయమ్మ తన చేతి గడియారం చూస్తోంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు. వినబడనట్టు నటించలేదు, అబద్ధమూ చెప్పలేదు. చెప్పకుండా ఉంది, అంతే. మెడ వెనక చెమట జాకెట్టులోకి దిగడం ఆమెకు తెలుస్తోంది. ఇరవై ఆరు. తెల్లజుట్టావిడ ఏమైనా ఇబ్బందా అని అడిగింది. ఏమీ లేదు మేడమ్, మామూలే అన్నాడు సార్. అంటూనే పళ్ల మధ్య నుంచి ఇంకోసారి అడిగాడు.

"హనుమాయమ్మా, పాస్‌వర్డ్."

ఇరవై తొమ్మిది. ముప్పై. ఒక పిల్ల నాలుగేళ్ల చదువు, నెలాఖరు కాంట్రాక్టు కాగితం, తన నోటు పుస్తకంలో మూడు అంకెలు. ముప్పై రెండు.

స్పీకర్లో ఇసక చప్పుడు చీలి, సన్నగా, దూరంగా కూత వినబడింది.

హనుమాయమ్మ ముందు పెన్ను తీసింది. పది నలభై తొమ్మిది ముప్పై మూడు. అనుకున్నదానికి మూడు సెకన్లు ముందు. అది రాసుకున్నాకే తలెత్తింది. పైన మోటారు మళ్లీ మూలిగి యాంటెన్నా లేవడం మొదలుపెట్టింది. జెనీఫర్ ఆదేశం పంపింది. లాప్‌టాప్ మీద అంకెలు వరసలు వరసలుగా దిగుతున్నాయి. సార్ చెయ్యి ఇంకా మౌసు మీదే ఉంది, తెల్లటి పెట్టె ఇంకా తెర మీదే ఉంది. దాన్ని మూసేసి, చెయ్యి తీసి, ఆయన కమిటీ వైపు తిరిగాడు.

అప్పుడాయన చెప్పింది జెనీఫర్ తర్వాత చాలామందికి అనుకరించి చూపించింది. ధ్రువకాంతుల వల్ల పైగాలిలో వచ్చిన మార్పుని దృష్టిలో పెట్టుకుని మా డిపార్టుమెంటు గడియారానికి సవరణ చేసింది, చూశారుగా, మూడు సెకన్ల లోపు తేడా. తెల్లజుట్టావిడ చాలా బాగుందని రాసుకుంది. ఆ సవరణ ఎలా లెక్కగట్టారని అడిగితే, మేమే చేసుకున్నామన్నాడు. ఆ మేములో ఎంతమంది ఉన్నారో ఆవిడ అడగలేదు. పతంగ్ నడినెత్తి దాటుతుండగా సార్ తెలుగులో, అతిథులకు టీ తీసుకురమ్మన్నాడు.

హనుమాయమ్మ కదల్లేదు. ఐదో నిమిషం నిండి, జెనీఫర్ రెండు బొటనవేళ్లూ పైకి చూపించాక, వెళ్లి టీ తెచ్చింది.

శుక్రవారానికి జెనీఫర్ గీత గీసి పట్టుకొచ్చింది. శనివారం తెల్లవారుజాము దాకా బద్ధకంగా అటూ ఇటూ ఊగిన గీత ఒకచోట ఉన్నట్టుండి వాలింది. ఉత్తరం నుంచి, హిమాలయాల మీదుగా, మామూలుకి ఎన్నో రెట్లు జోరుగా దక్షిణానికి వీచిన గాలి. యహీ హై ఆంటీ, ఇదే అంది ఆ పిల్ల. హనుమాయమ్మ ఆ వంపుని వేలితో తడిమి, ఎన్నింటికి మొదలైందని అడిగింది. చెప్పిన వేళని పుస్తకంలో శనివారం వరసకి పైన, ఉన్న కాస్త చోటులో ఇరికించి రాసుకుంది.

తలుపు మీద కొత్త పట్టిక అంటించి ఉంది. ఆకుపచ్చ సంతకం కింద ఈసారి ఇంకొక గడి ఉంది, మొదటి కూత వేళ, చేత్తో నింపవలెను అని. ఆ రోజే ఒక కవరులో ఆమెకు రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి కాంట్రాక్టు. ఎప్పుడూ ఏడాదికి ఇచ్చేది ఆర్నెల్లకే ఇచ్చారు. రెండోది మెమో. అనుమతి లేకుండా ల్యాబు కంప్యూటరు గడియారం మార్చినందుకు, అడిగినప్పుడు పాస్‌వర్డ్ చెప్పనందుకు మూడు రోజుల్లో లిఖితపూర్వకంగా వివరణ ఇవ్వాలి. కమిటీ ముందు డిపార్టుమెంటు చేసిన సవరణ, మెమోలో ఆమె చేసిన తప్పు అయింది.

జెనీఫర్ తాను రాసిస్తానంది, మంచి ఇంగ్లీషులో, గట్టిగా. హనుమాయమ్మ వద్దంది. తెల్లకాగితం తీసుకుని బల్ల మీద సరిగ్గా పెట్టుకుంది. శనివారం ఐదు సెకన్లు. సోమవారం యాభై ఎనిమిది. మంగళవారం ఒక నిమిషం నలభై ఆరు. బుధవారం రెండు నిమిషాల ముప్పై ఏడు. ఆ నాలుగు వరసలూ పుస్తకంలో ఉన్నట్టే ఎత్తి రాసింది. క్షమించమని గానీ, ఇకముందు చేయనని గానీ రాయలేదు. సంతకం పెట్టి తేదీ వేసింది. అలవాటు కొద్దీ గడియారం చూసుకుని, పక్కన వేళ కూడా వేసింది. పదకొండు గంటల నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.